బిడ్డకు జాగ

పది రోజుల కింద నారాయణగూడలో డాక్టరమ్మ దగ్గర మా అమ్మాయి బరువు చూసే మిషను ఎక్కి దిగి, నా వైపు తిరిగి గొప్పగా నవ్వింది. "చూసినవా అమ్మా, డైటింగ్ లేకుండనే తగ్గిన" అంది. దానికి అయిదో నెల నడుస్తోంది. వేవిళ్ళు ఇవాళ పోతాయి, రేపు పోతాయి అనుకుంటే పోలేదు. పొద్దున తిన్నది మధ్యాహ్నం దాకా నిలవడం లేదు. పైగా పెళ్ళికి ముందు కుట్టించిన డ్రెస్సులు ఇంకా వదులుగానే ఉన్నాయని దానికో మురిపెం. డాక్టరమ్మ నవ్వలేదు. "మొదట్ల కొంచెం తగ్గుడు మామూలే. ఇప్పుడు గూడ తగ్గుతనే ఉంటే మంచిది కాదు. నువ్వు తినంది లోపలున్న బిడ్డకు యాడికెళ్ళి వస్తది? చిన్నగ పుట్టిన పిల్లలకు పెద్దయినంక గూడ తిప్పలుంటయి" అని, వాంతులకు మందు రాసి, కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తినమని చెప్పి, వారం తిరిగాక మళ్ళీ రమ్మంది. అమ్మాయి ముఖం చిన్నబోయింది. నాకేమో ఆ గదిలో, ఆ పిల్ల పక్కన, మా అమ్మ నిలబడి వింటున్నట్టే అనిపించింది. అమ్మ పోయి చాలా ఏళ్ళయింది. అయినా ఈ మాట వింటే ఎక్కడున్నా వచ్చేస్తుంది.

మా చెల్లె కడుపులో ఉన్నప్పుడు మేము చిక్కడపల్లిలో, లైబ్రరీ వెనక సందులో, రెండు గదుల కిరాయి ఇంట్లో ఉండేవాళ్ళం. ఇంటి ఓనరు రెండు బిందెల నీళ్ళు పట్టుకున్నా నీతులు చెప్పేవాడు. వంటగది మాత్రం పూర్తిగా మా నాయనమ్మ రాజ్యం. నాయనమ్మ చెడ్డ మనిషి కాదు. ఈ మాట ముందే ఎందుకు చెప్తున్నానంటే, ఈ సంగతి విన్నవాళ్ళంతా మొదట ఆమె మీదే పళ్ళు నూరతారు. ఆమెకు ఒక్కతే కూతురు, మా మేనత్త. తొలి కాన్పులోనే పోయింది. బిడ్డ మరీ పెద్దగా ఉండి అడ్డం తిరిగిందని ఎవరో అన్నారట. ఆ మాట నాయనమ్మ గుండెలో ముల్లులా దిగిపోయింది. కోడలికి ఆ గతి పట్టకూడదు, అందుకని బిడ్డ చిన్నగా ఉండాలి, అందుకని తల్లి తక్కువ తినాలి. పైగా అన్నమూ బిడ్డా ఒకే కడుపులో సర్దుకోవాలని ఆమె గట్టి నమ్మకం. "అన్నంతోనే నింపితే బిడ్డకు జాగ యాడుంటది?" అనేది. ఆ మాటకు నాన్న కూడా తల ఊపేవాడు. నెలలు నిండే కొద్దీ అమ్మ కంచంలో అన్నం తగ్గుతూ వచ్చింది. అసలే వాంతులు, పైన ఈ వైద్యం. గాజులు మోచేతి దాకా జారేవి. సందులో కడుపుతో ఉన్న ఆడవాళ్ళంతా రవికెల కుట్లు విప్పుకుంటుంటే, మా అమ్మ మాత్రం కిటికీ దగ్గర కూచుని కుట్లు బిగించుకునేది. నాయనమ్మ అది చూసి కళ్ళ నిండా తృప్తి పడేది.

ఆమె అనుకున్నట్టే కాన్పు తేలిగ్గా అయింది. "నొప్పులు గూడ సరిగ తెల్వలే!" అని నాయనమ్మ సందంతా తిరిగి బెల్లం పంచింది. బిడ్డ ఏడుపు మాత్రం మంచం దాటి వినిపించేది కాదు. ఆసుపత్రి వాళ్ళు కొన్నాళ్ళు అద్దాల పెట్టెలో ఉంచి పంపారు. ఆడుకోవడానికి చెల్లె వస్తుందని ఆశపడ్డ నాకు, ముట్టుకోనివ్వని చెల్లె వచ్చింది. మూడు దుప్పట్ల మధ్య ముక్కు ఒక్కటే కనపడేది. నాకు ఒళ్ళు మండిపోయింది.

తరవాత అమ్మ జీవితమంతా ఒకటే పని, చెల్లెకు తినిపించడం. చలికాలం వస్తే దానికి దగ్గు, వాన పడితే జ్వరం. అది బడికి పోయిన రోజులకన్నా అమ్మ చీర కొంగు పట్టుకుని ఇంట్లో తిరిగిన రోజులే ఎక్కువ. అమ్మ పప్పన్నం ముద్దలు చేసి గడప మీద, మెట్ల మీద, నల్లా దగ్గర, ఎక్కడ నోరు తెరిస్తే అక్కడ పెట్టేది. పండక్కి సుల్తాన్ బజార్ పోతే దుకాణపాయనతో ప్రతిసారీ పేచీ. ఆయన చెల్లెను చూసి చిన్న గౌను తీస్తాడు, అమ్మ ఒప్పుకోదు. "దాని వయసుకు తగ్గది ఇయ్యన్నా, అది పెరుగుతది" అనేది. కొన్న గౌను చెల్లె మీద గుడారంలా వేలాడేది. దానికి సరిపోయే వేళకు రంగు వెలిసిపోయేది. అప్పుడు నవ్వేవాళ్ళం. ఇప్పుడా గౌనులు తలుచుకుంటే నవ్వు రాదు.

చెల్లె పెరిగింది, చదివింది, పెళ్ళయి కాచిగూడలో కాపురం పెట్టింది. ముప్పై దాటిందో లేదో, సన్నటి మనిషికి షుగరన్నారు. మేము నమ్మలేదు. అమ్మను కూడా వెంటబెట్టుకుని పెద్ద డాక్టరు దగ్గరికి పోయాం. ఆయన రిపోర్టులు చూసి, పుట్టినప్పుడు ఎట్లా ఉండేదని అడిగాడు. అమ్మ అన్నీ చెప్పింది, అన్నం సంగతి కూడా. "ఇదొక్కటే కారణమని చెప్పలేనమ్మా. కాని కడుపుల సరిగ తిండి అందని పిల్లలకు పెద్దయినంక షుగరు, బీపీ వచ్చేది ఎక్కువ" అన్నాడాయన. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అమ్మ ఒక్కటే మాట మాట్లాడింది: "గీ సంగతి అత్తమ్మకు చెప్పకుండ్రి. కన్నబిడ్డను పోగొట్టుకున్న మనిషి, తట్టుకోదు." మేము చెప్పలేదు. నాయనమ్మ తన వైద్యం గొప్పదనే అనుకుంటూ, ఆ తరవాత కొన్నాళ్ళకు హాయిగా కన్నుమూసింది. ఆమె భారం కూడా అమ్మే మోసింది.

అప్పటి నుంచి చెల్లె వచ్చినప్పుడల్లా చూడాలి అమ్మ అవస్థ. ముద్ద ముద్దకూ "ఇంకింత ఏసుకో బిడ్డా" అనడమే అలవాటైన మనిషి, ఇప్పుడు కొలిచి వడ్డించాలి. గరిటె గిన్నెలోంచి లేచేది, కంచం మీదికి వచ్చి ఆగిపోయేది. అమ్మ కళ్ళు కిందికి వాలేవి. చెల్లె అది చూడలేక తనే కంచం ముందుకు జరిపి, "ఇంకింత పెట్టమ్మా, మస్తుగుంది" అనేది. తిని, చెయ్యి కడుక్కుని, నన్ను లాక్కుని బయటపడేది. ఫుట్‌పాత్ మీద పుస్తకాలు పట్టుకుని కూచున్న, ఉద్యోగాల పరీక్షలకు చదివే పిల్లల్ని తప్పించుకుంటూ అశోక్‌నగర్ చౌరస్తా దాకా గబగబా నడిచేవాళ్ళం, ఆ ఎక్కువ తిన్నది అరిగించడానికి. "అమ్మకు ఖుషీ, నాకు పరేషాన్" అని నవ్వేది. ఆ నడకలు నాకెంత ఇష్టమో! ఇల్లు చేరేసరికి అమ్మ ముఖం వెలిగి ఉండేది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి మళ్ళీ ఆ ముఖం చూడాలని ఉంటుంది.

నారాయణగూడ డాక్టరమ్మ మాటలు నా నోట విన్నప్పటి నుంచి చెల్లె రోజూ డబ్బా కట్టుకుని మా ఇంటికి వస్తోంది. పక్కన కూచుని మా అమ్మాయికి పెరుగన్నం, దానిమ్మ గింజలు కొంచెం కొంచెంగా తినిపిస్తుంది. వారం తిరిగేసరికి బరువు కాస్త పెరిగింది. నిన్న అమ్మాయి తిని లేచి వెళ్ళాక, చెల్లె ఖాళీ డబ్బా మూత పెడుతూ నన్నడిగింది. "అక్కా, నాకు షుగరొచ్చిందని అమ్మ మీద ఎన్నడు కోపం రాలే. ఆమె బతికుండంగ గీ మాట చెప్పిన్నా నేను?"

చెప్పలేదు. అమ్మ అడగనూ లేదు. వాళ్ళిద్దరూ ఎదురెదురుగా కూచుని ఎన్ని పూటలు గడిపారో లెక్కలేదు, ఆ ఒక్క మాటకు మాత్రం ఒక్క పూట మిగల్లేదు.