తోడల్లుడి వాల్యూమ్ నాబు

నా తోడల్లుడు బాగుపడితే నాకు నచ్చదు. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత ఎవరూ నన్ను మంచివాడని పొరబడకుండా.

అతను బామ్నిలో ఉంటాడు, కాగితం మిల్లులో ఎలక్ట్రీషియన్. నేను చంద్రపూర్‌లో కరెంటు ప్లాంటులో మీటర్లు చూసుకుంటాను. ఇద్దరికీ ఒకటే పిచ్చి, ప్రీయాంప్లిఫయర్లు సొంతంగా కట్టుకోవడం. ఫోన్లోంచి వచ్చే పాటను అందుకుని, ఎంత వాల్యూమ్ కావాలో అంతకు సర్ది, స్పీకర్లను మోగించే పెద్ద యాంప్లిఫయర్‌కు పంపించే డబ్బా అది. ఈ పిచ్చి మొదట నాది. నన్ను చూసి అంటించుకున్నవాడు నాకంటే బాగా కడితే ఎవడికి మండదు?

మా మామ లాల్‌పేట్ బొగ్గుబావిలో పనిచేసి రిటైరయ్యాడు. కొడుకు దగ్గర ఉంటాడు. అత్త పోయిన తర్వాత ప్రతి ఆదివారం మా ఇంటికొచ్చి, అన్నం తిని, ఒకే ఒక్క పాట వినేవాడు. ఓ బతుకమ్మ పండగకు వాకిట్లో అత్త పాడుతుంటే నా భార్య ఫోన్లో రికార్డు చేసింది. ఆమె గొంతు మాకు మిగిలింది అదొక్కటే. మామ ఎడమవైపు స్పీకర్ దగ్గరున్న కుర్చీలోనే కూర్చునేవాడు. పాట పెట్టగానే కూలర్ బంద్ చేయమనేవాడు. మే నెలలో ఈ ఊళ్ళో కూలర్ బంద్ చేస్తే మనుషులు ఉడికిపోతారు. అయినా చేసేవాళ్ళం. వాల్యూమ్ మరీ తక్కువ పెట్టించేవాడు.

"మీ అత్త ఎన్నడన్న గట్టిగ మాట్లాడిందా? గామె ఎంతల పాడిందో గంతల్నే పెట్టు" అనేవాడు.

చెమటలు కారుతుంటే అందరం కదలకుండా వినేవాళ్ళం. ఇద్దరు అల్లుళ్ళలో మామ ఏరుకున్నది నన్నేనని నాకు ఎంత గర్వమో చెప్పలేను.

ఈ వేసవిలో ఆ గర్వానికి దెబ్బ తగిలింది. మామ వరసగా ఆదివారాలు మా ఇంటికి రావడం మానేసి బామ్ని బస్సెక్కసాగాడు. తోడల్లుడి భార్య, అంటే నా మరదలు, స్కూటీ మీదినుంచి పడి కాలికి ప్లాస్టర్ వేయించుకుంది, బిడ్డను చూడటానికి పోతున్నాడని నా భార్య చెప్పింది. నేను నమ్మలేదు. తోడల్లుడు కొత్త ప్రీయాంప్ కట్టింది కూడా అప్పుడే మరి.

"కాలు సూసెతందుకు వారం వారం పోవాల్నా? పాట ఇననీకె పోతుండు" అన్నాను.

"కాలిరిగిన బిడ్డను సూడపోతె గూడ నీకు కుళ్ళేనా? ఏడ్వు, మంచిగ ఏడ్వు. ఏడిస్తె నీ డబ్బ బాగయితదేమో" అంది నా భార్య.

ఉండబట్టలేక మామిడిపళ్ళ సంచి పట్టుకుని నేనూ బామ్నికి వెళ్ళాను, మరదలిని పలకరించే వంకతో. మామ అక్కడే ఉన్నాడు. తోడల్లుడు నాకు మంచినీళ్ళు కూడా ఇవ్వకముందే డబ్బా చూపించాడు. నాబు తిప్పితే టక్ టక్‌మని మెట్టు మెట్టుగా తిరుగుతోంది.

"మామూలు వాల్యూమ్ కంట్రోల్ తీసేసిన అన్నా. ఒక్కో మెట్టుకు కుడికొకటి, ఎడమకొకటి, సరిజోడు రెసిస్టర్లు మీటర్ పెట్టి ఏరి అతికిచ్చిన" అన్నాడు.

అత్త పాట పెట్టాడు. ఆమె గొంతు రెండు స్పీకర్ల నడుమ, గీత గీసినట్టు నిలబడింది. నా డబ్బాలో గొంతు అలా నడుమ ఎందుకు నిలబడదో అప్పుడే తట్టింది. మామూలు వాల్యూమ్ కంట్రోల్‌లో ఒకే ఇరుసు మీద రెండు పట్టీలుంటాయి, కుడి స్పీకర్‌కు ఒకటి, ఎడమ స్పీకర్‌కు ఒకటి. అవి అచ్చంగా ఒకేలా ఉండవు. నాబు సగం దాకా తిప్పితే తేడా తెలియదు. సున్నా దాటిన కొత్తలోనే ఒకటి ముందుకు పోయి, ఒకటి వెనకబడుతుంది. ఏ వైపు ఎక్కువైతే గొంతు ఆ వైపుకు జరిగిపోతుంది. నా ప్రీయాంప్‌కు అవసరానికి మించిన బలం పెట్టుకున్నాను, కిటికీలు అదరాలని. అందుకే మామకు కావలసినంత సన్నగా పెట్టాలంటే నాబు సున్నా పక్కనే ఆగాలి. నేనేమో ఎప్పుడు పరీక్షించినా నాబు సగానికి తిప్పి, హోరెత్తించి, మురిసిపోయేవాణ్ణి.

"మంచిగున్నది" అన్నాడు మామ అతనితో. ఆ ఒక్క మాట బస్సులో ఇంటిదాకా నన్ను గిల్లుతూనే ఉంది.

అతని మెట్ల పద్ధతి ఎత్తుకొస్తే ఓడినట్టే. కాబట్టి నా దారిన నేను పోయాను. రెసిస్టర్లు మార్చి డబ్బా బలం తగ్గించాను. నాగపూర్ నుంచి మంచి వాల్యూమ్ కంట్రోల్ తెప్పించి వేశాను. ఇప్పుడు మామ వినేంత సన్నటి పాటకు కూడా నాబు సగందాకా వస్తోంది. వెనకాల సన్నగా వినిపించే బుస కూడా తగ్గింది. అత్త గొంతు గోడకు నట్టనడుమ నిలబడింది. మేకు కొట్టి పటం తగిలించినా అంత సూటిగా రాదు. ఇక రా మామా, అనుకున్నాను.

మరదలి ప్లాస్టర్ విప్పారు. ఆ ఆదివారమే మామ మా ఇంటికొచ్చాడు. అన్నం తిని తన కుర్చీలో కూర్చున్నాడు. కూలర్ బంద్ చేశాను. పాట మొదలైంది. మామ ఎడమవైపుకు వాలి చెవి పెట్టాడు. లేచి ఆ స్పీకర్ మీద అరచెయ్యి ఆనించి చూశాడు.

"కరాబయిందా అల్లుడా?"

"కరాబు గాలె మామా, బాగుచేసిన. ఇప్పుడు బామ్నిల ఎట్లుంటదో గట్లనే ఉంటది."

"అవ్, గట్లనే ఉన్నది. నడుమల, దూరంగ." మామ మళ్ళీ కూర్చున్నాడు. "ఆడ గూడ మంచిగనే ఉంటది బిడ్డా. గని నీ ఇంట్ల మీ అత్త నా పక్కపొంటి కూసుండి పాడేది. గందుకే గదా ఎండల పడి నీ తాన్కి వచ్చేది."

కూలర్ వెయ్యడం కూడా మరిచిపోయి నిలబడ్డాను. తోడల్లుడి దగ్గర లేనిది నా దగ్గర ఉండేది. అతని మీద ఏడ్చి ఏడ్చి, దాన్ని నా చేతులతో నేనే పీకేశాను. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అనలేదు.

మర్నాడు డ్యూటీ నుంచి రాగానే మూత విప్పాను. పాత వాల్యూమ్ కంట్రోల్, పాత రెసిస్టర్లు మళ్ళీ అతికించాను. నాబు సున్నా పక్కకు తెచ్చి, మామ కుర్చీలో కూర్చుని విన్నాను. అత్త ఎడమకు వచ్చింది. మామ మళ్ళీ ఆదివారాలు రాసాగాడు.

మొన్న తోడల్లుడు కూడా వచ్చాడు. పాట మోగుతోంది, మామ కళ్ళు మూసుకుని ఉన్నాడు. అతను తల అటూ ఇటూ తిప్పి విని నా పక్కకొచ్చాడు.

"అన్నా, గొంతు ఎడమదిక్కు గుంజుతుంది. నీ వాల్యూమ్ కంట్రోల్ పోయింది. నాది సూసినవ్ గదా, గసొంటిదే నేను కట్టిస్త తియ్."

ఇన్నేళ్ళ నుంచి డబ్బాలు కడుతున్న నాకు ఆ మాత్రం తెలియదనుకున్నాడు. అసలు సంగతి నాలుక చివరిదాకా వచ్చింది.

"వద్దు తమ్మీ, నాకు గిదే అలవాటయింది" అన్నాను.

జాలిగా నవ్వి నా భుజం తట్టాడు. ఆ జాలిని గుటక వేసి మింగాను. నిజం చెప్పానంటే, సాయంత్రానికల్లా వాడి డబ్బాలో కూడా మా అత్త పక్కకు జరిగి కూర్చుంటుంది.