రెండో వంటింటి గిన్నె

ఈ ఏడు, సంక్రాంతితో మొదలయ్యే తై నెల మూడో శుక్రవారం, పొద్దున పదిన్నరకు మొదలైంది. విరుదునగర్‌లో మా మనవరాలు కేకుల వ్యాపారం కోసం మేడమీద కట్టించుకున్న రెండో వంటింట్లోంచి, వేడెక్కిన చక్కెర, వేగిన జీడిపప్పు కలిసిన వాసన మెట్లు దిగి నా గదిలోకి వచ్చింది. అది మాకరూన్ల వాసన. అరవై ఆరేళ్ల కిందట, ఇలాంటి తై శుక్రవారమే, కోవిల్‌పట్టిలో మా ఇంట్లో రావలసిన వాసన.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. మాది నల్లరేగడి సేద్యం చేసే ఇల్లు. తై తరవాత వచ్చే మాసి నెలలో పత్తి ఇంటికొచ్చేది. మూటల మీదినుంచి దూకి ఆడుకునే మా తలల నిండా దూది పోగులుండేవి. అవ్వ వంటింట్లో మూడు పొయ్యిలు, ఒకదాని మీద సజ్జ సంకటి, ఒకదాని మీద ఉలవచారు, మూడోది ఎప్పుడూ పాలకే. ఆ గడపలోపల గుడ్డు అన్న మాట కూడా పలకకూడదు.

అలాంటి ఇంటికి కోడలై వచ్చింది మా చిన్నమ్మ, చిన్నాన్న భార్య, తూత్తుకుడి పిల్ల. గుడ్డు తెల్లసొనను నురుగెత్తేలా చిలికి, చక్కెర, జీడిపప్పు పొడి కలిపి మాకరూన్లు చేయడం పుట్టింట్లో నేర్చుకుంది. పెరట్లోని పత్తిగది అడిగి తీసుకుని, అందులో ఇటుకలతో బేకరీ పొయ్యి కట్టించింది. తాత ఒప్పుకున్నాడు గానీ గడువు పెట్టాడు.

"ఒక ఇంట్లో రెండు వంటిండ్లా? ఊరోళ్లు నవ్వతారు. తై మూడో శుక్రవారం దాకా సూస్తా. అప్పటికి ఏమీ అమ్మలేదంటే పత్తి మూటలు లోపలికి, నీ గిన్నెలు బయటికి."

ఆ శుక్రవారానికే విరుదునగర్‌లో ఒక పెళ్లివారు రెండు వందల మాకరూన్లు అడిగారు. ఇరవై గుడ్లు చాలు. చిన్నమ్మ జాగ్రత్తకు నలభై తెప్పించింది. ఒంటిగంటన్నర బస్సుకు డబ్బాలు ఎక్కాలి. నురుగు కోసం కొన్న కొత్త ఎవర్‌సిల్వర్ స్టీలు గిన్నెను ముందురోజు చింతపండూ బూడిదా పెట్టి తోమి, ఎండలో ఆరబెట్టి, తెల్లగుడ్డ కప్పింది.

శుక్రవారం పొద్దున అవ్వ నన్ను పిలిచి, నేతిలో ముంచిన దూది నా చేతిలో పెట్టింది. మా ఇంట్లో ఏ కొత్త గిన్నె అయినా పొయ్యి దగ్గరికి వెళ్లేముందు లోపల నెయ్యి రాయడం ఆచారం. గుడ్లున్న గదిలోకి అవ్వ తాను అడుగుపెట్టదు.

"కొత్త గిన్నెని ఎండుగా ఇడిస్తే ఆ పిల్లకి కలిసిరాదే. బాగా తుడిసి దా. ఆమె కాడ సెప్పొద్దు. ఈ ముసలిది దిగొచ్చెనని ఎగతాళి చేస్తాది."

గుడ్డ తీసి, అడుగూ అంచులూ తుడిచి, మళ్లీ కప్పేశాను.

పదింటికి చిన్నమ్మ మొదటి ఇరవై తెల్లసొనలు గిన్నెలో పోసి తీగ కవ్వంతో చిలకడం మొదలుపెట్టింది. అరగంటయినా నురుగు లేవలేదు. బుడగలు కట్టి నీళ్లలా జారిపోయింది. గుడ్లు పాతవేమో అనుకుని పారబోసి, గిన్నె నీళ్లతో కడిగి, గుడ్డతో తుడిచింది.

"ఏం పాపా, నీ కండ్లు పడెనా?" అని నవ్వబోయింది, నవ్వు రాలేదు. "చుక్క నెయ్యి తగిలినా లేయదు ఇది. గిన్నె నేనే తోమితిని కదా!"

అప్పుడు తెలిసింది నాకు. చెబితే అవ్వకు ఇచ్చిన మాట పోతుంది, చెప్పకపోతే గది పోతుంది. ఆమె రెండో ఇరవై గుడ్లూ ఒక్కొక్కటే పగలగొడుతోంది. నేను లెక్కపెడుతూ నిలబడ్డాను. పదకొండో గుడ్డు దగ్గర నోరు తెరిచాను. "ఏమే?" అంది. "దాహం" అన్నాను. కుండలోంచి నీళ్లు ముంచి ఇచ్చింది.

రెండో విడతా లేవలేదు. బస్సు వెళ్లిపోయిన చాలాసేపటికి కూడా ఆమె చిలుకుతూనే ఉంది. అవ్వ గడపలో నిలబడి, "మనసుపెట్టి ఆశీర్వదిస్తినే, ఎందుకే ఇట్లయ్యె?" అని నన్నే గుసగుసగా అడిగింది. ఆమెకూ చెప్పలేదు.

ఆదివారం పత్తిగది మళ్లీ పత్తిగదైంది. చిన్నమ్మ ఆ తరవాత మాకరూన్ల మాటెత్తలేదు. ఎవరైనా అడిగితే, "నా చేతికి రాలేదు" అనేది. నలభై ఒక్క ఏళ్లు అలాగే అంటూ, అలాగే కన్నుమూసింది.

మనవరాలు పళ్లెంలో రెండు తెచ్చి పెట్టింది. నోట్లో వేసుకోగానే కరిగిపోయాయి. బాగున్నాయన్నాను. ఆమె పైకి వెళ్లాక, ఆ శుక్రవారంతో పోగొట్టుకున్నవన్నీ కాగితం మీద రాసుకున్నాను.

కోవిల్‌పట్టి ఇల్లు, అమ్మేశారు. మూడు పొయ్యిల వంటిల్లు ఒకటి. బేకరీ పొయ్యి ఒకటి, ఇరవై మూడు రోజులు నిలిచింది. గుడ్లు నలభై, మొదటి ఇరవై తెలియక, తరవాతి ఇరవై తెలిసి. నేను చెప్పవలసిన మాట ఒకటి. వినవలసినవాళ్లు ఇద్దరు.