సూదుల సంచీతో అనంతగిరి క్యాబిన్‌కి

నేను బస్సు కండక్టర్‌ని. తాండూరు నుంచి కొడంగల్‌కి, పెద్దేముల్‌కి రోజూ తిరుగుతూనే ఉంటాను. ఊళ్లోవాళ్లు "నీకేమమ్మా, రోజూ ప్రయాణమే" అంటారు. నిజమే. కానీ మా ఇంటిల్లిపాదీ కలిసి ఒక రాత్రి బయట పడుకుని ఏడాది దాటింది. మా బిడ్డ మానసకు షుగర్ ఉందని తెలిసిన దగ్గర్నుంచి పెళ్లిళ్లకు పోయినా సాయంత్రానికి ఇల్లు చేరుకుంటున్నాం.

పదేళ్ల పిల్లకు షుగరేమిటని మీరు అనుకోవచ్చు. మేమూ అలాగే అనుకున్నాం. ఇది పెద్దవాళ్లకు వచ్చే షుగర్ కాదు. మానస ఒంట్లో ఇన్సులిన్ తయారు కాదు కాబట్టి బయటి నుంచి సూదితో ఇవ్వాలి. తినే ప్రతిసారీ ఒక సూది, పడుకునే ముందు ఇంకొకటి. మధ్యమధ్య వేలికి గుచ్చి, రక్తం చుక్క మిషన్‌లో పెట్టి చూడాలి.

డిసెంబరులో బడివాళ్లు మానస క్లాసును అనంతగిరి దగ్గర ఒక క్యాంపుకు తీసుకుపోయారు. అడవి అంచున చెక్క ఇళ్లు, తాళ్ల వంతెన, సాయంత్రం చలిమంట. మానసను మాత్రం వద్దన్నారు. "ఏమన్న అయితే మేం జవాబు చెప్పలేం మేడమ్" అన్నారు. తిరిగొచ్చిన పిల్లలు వారం రోజులు ఆ కబుర్లే చెప్పుకున్నారట. మానస ఇంట్లో ఆ ఊసే ఎత్తలేదు. ఏడ్చి ఉంటే సముదాయించేదాన్ని, అలిగి ఉంటే బతిమాలేదాన్ని. ఏమీ అనకపోయేసరికి నాకు నిద్ర పట్టలేదు. ఒకరోజు డ్యూటీ దిగి ఇంటికి నడుస్తూ అనుకున్నాను, ఆ క్యాంపుకే, ఆ చెక్క ఇంటికే మేం తీసుకుపోతాం అని.

మా ఆయన నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్‌లో మిషన్ నడుపుతాడు. మాట వినగానే వద్దన్నాడు. ఆయన్ని తప్పుపట్టలేను. షుగర్ అని తెలియక ఆగి ఆగి చూసి, మానస స్పృహ తప్పిన రోజు నేను కొడంగల్ రూటులో ఉన్నాను. అంబులెన్సులో హైదరాబాదు దాకా బిడ్డను ఒళ్లో పెట్టుకుని పోయింది ఆయనే. ఆ రోజు నుంచి ఆయన సూది ముట్టుకోలేదు. వేలికి గుచ్చే సమయానికి వాకిట్లోకి పోయి నిలబడతాడు. "గా పని నాతోని కాదు, నువ్వే చూస్కో" అనేవాడు. చూసుకుంటూ వచ్చాను. ఈసారి కూడా నేనే చూసుకుంటానని చెప్పి, ఫోన్ చేసి ఒక క్యాబిన్ బుక్ చేశాను. కిరాయి మాకు కొంచెం బరువే. అయినా ఫర్వాలేదనుకున్నాను.

జనవరి చివర్లో ఒక శనివారం పొద్దున ఏడింటికల్లా తాండూరు స్టేషన్‌లో ఉన్నాం. బస్సులో పోతే నాకు టికెట్ అక్కర్లేదు గానీ, సెలవు రోజు కూడా బస్సెక్కడం నావల్ల కాదు. వికారాబాద్‌కు మూడు జనరల్ టికెట్లు తీసుకున్నాం. బట్టల బ్యాగు మా ఆయన భుజాన. నా చేతిలో ఇంకో చిన్న సంచీ. అందులో ఇన్సులిన్ నింపి ఉండే పెన్నులు, సూదులు, షుగర్ మిషన్, గ్లూకోజ్ పొడి, బిస్కెట్లు. ఇలాంటి పిల్లలున్నవాళ్లు ఎవరైనా పోతే ప్రతి వస్తువూ రెండేసి పెట్టుకోండి, రెండోది వేరే బ్యాగులో ఉండాలి.

బండిలో కిటికీ పక్కన చోటు దొరికింది. ఎదురుగా సేడం నుంచి వస్తున్న ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. నేను మానస వేలికి గుచ్చడం చూసి ఆమె చెయ్యి నోటికి పోయింది.

"అయ్యో, ఇష్టు సణ్ణ హుడుగీ!" అని కన్నడంలో అని, మళ్లీ తెలుగులోకి వచ్చింది. "గింత చిన్న పిల్లకు షుగరా? మస్తు మిఠాయిలు పెట్టిన్రా ఏంది?"

"మిఠాయిలతోని వచ్చేది కాదమ్మా ఇది. ఎవలు జేసింది గాదు" అన్నాను.

ఆమె కాసేపు మానసనే చూసి, కొంగు ముడి విప్పి గుప్పెడు రేగుపండ్లు తీసింది. "మరి ఇవి తినొచ్చా?"

"తినొచ్చు" అన్నాను. మానస రెండు తీసుకుంది. ధారూర్ దాటేదాకా ఒకదాని గింజ బుగ్గలో పెట్టుకుని కిటికీలోంచి కోసేసిన కంది చేలను చూస్తూ కూర్చుంది.

ఎనిమిదిన్నర ప్రాంతంలో వికారాబాద్‌లో దిగాం. స్టేషన్ బయట హోటల్లో ఇడ్లీలు బాగున్నాయి, చట్నీలో కారం ఎక్కువ. అక్కడి నుంచి ఆటో మాట్లాడుకున్నాం. ఆటో ఆయన దారి పొడుగునా మాట్లాడుతూనే ఉన్నాడు. "శనాదివారాలు మస్తు రష్ ఉంటది మేడమ్. కార్లన్ని హైదరాబాద్‌యే. ఆటోల వచ్చేటోళ్లు తక్కువ" అన్నాడు. ఘాట్ రోడ్డు ఎక్కేకొద్దీ చలి పెరిగింది. టేకు ఆకులు ఎండి రోడ్డు మీద దొర్లుతున్నాయి. మానస షాల్ కప్పుకోమంటే వినలేదు.

క్యాంపు గేటు దగ్గర మాకు మొదటి అడ్డు తగిలింది. మేనేజర్ ప్రవీణ్ ముప్పై ఏళ్ల కుర్రవాడు, మర్యాదస్తుడే. పెన్నులు ఫ్రిజ్‌లో పెట్టించాలని సంచీ తెరిచేసరికి అతని ముఖం మారిపోయింది. బిడ్డకు షుగర్ ఉందని ఫోన్‌లో నేను చెప్పిన మాట అతని దాకా రాలేదట.

"మేడమ్, గీ విషయం నాకెవరు చెప్పలే. రాత్రి ఏమన్న అయితే ఇక్కడ డాక్టర్ లేడు. తాళ్ల వంతెన, నడక, ఇవన్ని ఉంటయి. పైసలు వాపస్ ఇస్తం, ఏమనుకోకుండ్రి."

మా ఆయన బ్యాగు మళ్లీ భుజానికెత్తుకున్నాడు. మానస తల దించుకుని చెప్పులు చూసుకుంటోంది. బస్సులో ఇన్నేళ్లలో నేర్చుకున్నది ఒకటుంది. గొంతు పెంచితే అవతలివాళ్లు ఇంకా పెంచుతారు. కూర్చోబెడితే వింటారు.

"ప్రవీణ్ తమ్మీ, పైసలు వద్దు. డాక్టర్‌ను అడిగే వచ్చినం. నువ్వు జర సేపు కూసో. ఏం జేయాల్నో చూపిస్త. అప్పటికి నీకు భయమైతే నేనే ఆటో పిలుస్త" అన్నాను.

కూర్చున్నాడు. వంటావిడ రత్నమ్మను కూడా పిలిచాను. షుగర్ పడిపోతే పిల్ల ఎలా ఉంటుందో చెప్పాను. చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, ఊరికే కోపం వస్తుంది. అప్పుడు నీళ్లలో గ్లూకోజ్ కలిపి తాగించి పావుగంట ఆగాలి. అంతే. ప్రవీణ్ రెండు ప్రశ్నలడిగాడు, రెండూ మంచి ప్రశ్నలే. ఆఖరికి లేచి, "తాళ్ల వంతెన కాడ నేనే నిలబడ్త" అన్నాడు.

క్యాబిన్ గురించి చెప్పాలి. రాతి దిమ్మెల మీద నిలబెట్టిన చెక్క గది, ముందు చిన్న వరండా. లోపల ఒక పెద్ద మంచం, నిచ్చెన ఎక్కితే పైన పిల్లలు పడుకునే అటక. అటక అంచున అడ్డంగా కట్టిన కమ్మీలు గట్టిగానే ఉన్నాయి. వేడినీళ్లు బకెట్‌లో పట్టుకోవాలి. గదిలో ఫ్రిజ్ లేదు, వంటింట్లో పెట్టించుకోవాల్సిందే. మానస నిచ్చెన ఎక్కి దిగి మళ్లీ ఎక్కి, "అమ్మా, నేను పైనే పండుకుంట" అని అరిచింది. ఆ అరుపు విని చాలా రోజులైంది.

భోజనం ఒంటిగంటకన్నారు. రెండు దాటినా రాలేదు. హైదరాబాదు నుంచి పెద్ద గుంపు ఒకటి రావాలట. ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. పళ్లెం కళ్లముందుకు వచ్చేదాకా సూది వేయకూడదు. వేశాక తిండి ఆలస్యమైతే ప్రమాదం. నేను వంటింట్లోకి పోయాను. రత్నమ్మ పెనం మీద జొన్న రొట్టె తిప్పుతోంది.

"గుంపు వచ్చినప్పుడు వస్తది. బిడ్డకు ముందు పెడ్త తీయ్" అంది. రెండు రొట్టెలు, పప్పు, పాలకూర కూర పళ్లెంలో పెట్టి తనే తీసుకొచ్చింది. ఆమెది బంట్వారం. వారానికోసారి ఇంటికి పోతుందట.

మూడున్నరకు తాళ్ల వంతెన. మానస తలకు హెల్మెట్, నడుముకు బెల్టు కట్టారు. అన్నట్టుగానే ప్రవీణ్ అవతలి చివర నిలబడ్డాడు. మధ్యలో వంతెన ఊగింది. మానస ఆగింది, మా వైపు చూడలేదు, మళ్లీ అడుగేసింది. అవతల దిగాక అక్కడి నుంచే చెయ్యి ఊపింది. ఇంకోసారి ఎక్కుతానంటే ఎక్కనిచ్చాం.

తర్వాత, అప్పటికి వచ్చి చేరిన హైదరాబాదు గుంపుతో కలిసి వాగు దాకా నడిచాం. టోలీచౌకీ నుంచి వచ్చిన జోయా అనే పిల్ల మానసకు జత కుదిరింది. వాగులో నీళ్లు తక్కువ, రాళ్ల మీద గెంతులాట మాత్రం ఎక్కువ. తిరుగుదారిలో మానస వెనకబడింది. "ఏమైంది?" అంటే "ఏం లే, అన్నిటికి అడుగుతవ్" అని విసుక్కుంది. నుదుటి మీద చెమట. ఆ చలిలో చెమట. అక్కడే బండ మీద కూర్చోబెట్టి వేలికి గుచ్చాను. బాగా పడిపోయింది. సీసా నీళ్లలో గ్లూకోజ్ కలిపి తాగించాను. మా ఆయన ముఖం తెల్లబోయింది.

"సామాన్ సర్దు. సాయంత్రం బండికి పోదం" అన్నాడు.

"పావుగంట ఆగు. ఎక్కువ ఉరికింది, గందుకే పడ్డది" అన్నాను.

"ఆగి ఆగి చూసినం గద ఒకసారి! రాత్రి నిద్రల పడిపోతే? గీ అడివిల యాడికి ఉరుకుతం?" ఆయన గొంతు వణికింది. అంబులెన్సు రోజున కూడా ఆ గొంతు అలాగే ఉండి ఉంటుంది. నేను అప్పుడు అక్కడ లేను. 

మానస సీసా కింద పెట్టింది. పెదాలు ఇంకా పాలిపోయే ఉన్నాయి.

"నేను రాను నాయినా."

"బిడ్డా..."

"ఇంట్ల గూడ పడిపోతది కద. అప్పుడు యాడికి పోతం?"

ఆయన బండకు ఆనుకుని నేల మీద కూర్చుండిపోయాడు. జోయా వాళ్లమ్మ ముందుకు పోయిన గుంపును వదిలి వెనక్కి వచ్చింది. ఏమైందని అడగలేదు, "ఇద్దరు పిల్లలు ఉంటే టైమ్ జల్దీ పోతది" అని జోయాను మానస పక్కన కూర్చోబెట్టింది. జోయా మానస వేలు పట్టుకుని చూసింది. "నొప్పి లేస్తదా?"

"లేస్తది. జర సేపే" అంది మానస.

పావుగంటకు మళ్లీ చూస్తే షుగర్ పైకొచ్చింది. రెండు బిస్కెట్లు తినిపించి నెమ్మదిగా నడిచి వచ్చాం. బ్యాగు సర్దమని మా ఆయన మళ్లీ అనలేదు. ఉంటామనీ అనలేదు. చలిమంట దగ్గర అందరూ మక్కజొన్న కంకులు కాల్చుకుని, అంత్యాక్షరి పాడుకుంటుంటే ఆయన మానస వెనకే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కంకి గింజలు వలిచి ఆమె చేతిలో పోస్తూ ఉన్నాడు. పదిన్నరకు పడుకున్నాం. పగలు బాగా ఆడిన రోజు రాత్రి షుగర్ మళ్లీ పడిపోవచ్చు కాబట్టి ఫోన్‌లో మూడింటికి అలారం పెట్టుకున్నాను.

కళ్లు తెరిచేసరికి కిటికీ తెల్లగా ఉంది, పిట్టలు అరుస్తున్నాయి. అలారం మోగలేదు.  ఒక్క గంతులో నిచ్చెన ఎక్కాను. మానస నోరు తెరుచుకుని నిద్రపోతోంది. చెయ్యి ముట్టుకుంటే వెచ్చగా, పొడిగా ఉంది.

"చూసిన. నూట నలభై ఉన్నది" అన్నాడు మా ఆయన. వరండా గడప మీద షాల్ కప్పుకుని కూర్చుని ఉన్నాడు. అలారం మోగకముందే తీసేశాడట.

"నువ్వు గుచ్చినవా?"

"ముందుగాల నా వేలికి గుచ్చుకున్న. ఏం కాలే. సూది మార్చి బిడ్డకు గుచ్చిన. లెవ్వనే లెవ్వలే." ఎడమచేతి వేలు చూపించాడు. "నాది నూట పది."

నవ్వు వచ్చింది, దానితో పాటు ఏడుపూ వచ్చింది. ఆయన పక్కన కూర్చున్నాను. ఎదురుగా లోయంతా మంచు.  రత్నమ్మ చాయ్ తెచ్చి ఇచ్చింది.

ఆదివారం పొద్దున ఉప్మా తిని పిల్లలు ఉయ్యాలలెక్కారు. మానస తాళ్ల వంతెన ఇంకో మూడుసార్లు దాటింది. ఈసారి ఆటకు ముందే కాస్త తినిపించాం. ఆ తెలివి నిన్ననే ఉండాల్సింది. పదకొండుకు క్యాబిన్ ఖాళీ చేశాం. గేటు దగ్గర ప్రవీణ్ తన ఫోన్ నంబరు ఇచ్చి, "ఇట్లాంటి పిల్లలున్నోళ్లు ఎవరన్న అడిగితే నాకే చెయ్యమనుండ్రి మేడమ్, నాకు తెలుసు ఇప్పుడు" అన్నాడు. సోమవారం బడికి పోయి ఈ సంగతులు హెడ్మాస్టర్ గారికి చెప్పాలని అప్పుడే అనుకున్నాను. వచ్చే ఏడు క్లాసుతో పాటు మానస కూడా పోవాలి. వాళ్లు కాదంటే కూర్చోబెట్టి చెబుతాను, అవసరమైతే మళ్లీ పోయి చెబుతాను.

వికారాబాద్‌లో మెస్‌లో భోంచేసి మధ్యాహ్నం బండెక్కాం. బండి నిండా జనం. మా ఆయనకు కూర్చోగానే నిద్ర ముంచుకొచ్చింది. రాత్రంతా మేల్కొనే ఉన్నాడు మరి. నేను కిటికీలోంచి చూస్తూ ఈ ప్రయాణాన్ని నెమరేసుకున్నాను. మేం పోయింది ఇంటి నుంచి గట్టిగా నలభై కిలోమీటర్లు. చూసింది ఒక వాగు, ఒక వంతెన, ఒక చెక్క గది. అంత దూరానికే మాకు ఏడాది పట్టింది. భయం పూర్తిగా పోయాక బయల్దేరుదామనుకునేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. అది పోదు. దాన్నీ వెంటపెట్టుకునే టికెట్ తీసుకోండి.

ధారూర్‌లో సమోసాలమ్మే అతను ఎక్కాడు. వాసన పెట్టె అంతా పరుచుకుంది.

"అమ్మా, ఆకలైతుంది" అంది మానస.

నేను ఆమె ముఖంలోకి చూశాను. తింటే సూది. అందుకని ఏడాదిగా ఈ పిల్ల గడియారం చూసి పెడితే తింటోంది తప్ప, ఆకలవుతోందని తన నోటితో ఒక్కసారీ అనలేదు. నేను సంచీ కోసం కాళ్ల దగ్గర వెతికాను. లేదు. మా ఆయన ఎప్పుడు లేచాడో, సంచీ ఆయన ఒళ్లోనే ఉంది, మిషన్ అప్పటికే బయటికి తీశాడు.

"ఏ వేలు బిడ్డా?" అని అడిగాడు.

మానస కాసేపు ఆలోచించి ఉంగరం వేలు చాపింది. ఇంకో చేత్తో సమోసాలతన్ని పిలిచింది.