మా సందులో ఆగే బండ్లు

మా కింద వాటాలో కిరాయికుండే అతను ఎలక్ట్రిక్ ట్రాలీ ఆటోలో పండ్లు చేరవేస్తాడు. కిటికీలోంచి వైరు లాగి బండికి చార్జింగ్ పెట్టుకునేవాడు. ఒకసారి ప్లగ్గు మాడి మెట్లదాకా పొగ వచ్చింది. నెలాఖరు తర్వాత వైరు కనిపిస్తే ఇల్లు ఖాళీ చెయ్యాలని ఓనరమ్మ తేల్చి చెప్పింది. ఆమెను తిట్టలేకపోయాను, ఆ పొగ ముందుగా దూరింది నా వంటింట్లోకే. కానీ బండి ఆగితే అతని ఇల్లు గడవదు. చంపాపేట్‌లో ఇంకే ఓనరు మాత్రం వైరు లాగనిస్తాడు?

అదే వారం చార్జింగ్ పాయింట్లు పెట్టే కంపెనీ ఇంజనీరు మా కాలనీ మీటింగుకి వచ్చాడు. ల్యాప్‌టాప్‌లో మ్యాపు చూపించి, పాయింట్లన్నీ ఎల్బీనగర్ మెయిన్ రోడ్డు మీదే అన్నాడు. మా సందుల్లో ఎలక్ట్రిక్ బండ్లు లేనట్టేనట.

"కళ్ళెదురుగా ఉన్న బండ్లు కనపడని మ్యాపు ఎందుకండీ, గోడకి తగిలించుకోడానికా?" అన్నాను.

"రిజిస్ట్రేషన్ అడ్రసులను బట్టి తీసిన లెక్క మేడం. మీకుందా ఎలక్ట్రిక్ బండి?"

"ఎందుకు లేదు? బయటే ఉంది నా స్కూటరు."

"ఏ అడ్రసు మీద కొన్నారు?"

తెనాలి అడ్రసు మీద. ఇన్నేళ్ళుగా ఇక్కడే ఉంటున్నా ఆధార్‌లో పుట్టింటి అడ్రసు మార్చలేదు. ఆ మాట చెప్పగానే హాలంతా నవ్వింది. ట్రాలీ అతను వెనక నుంచి లేచాడు.

"నాది గూడ గంతే సార్. నల్గొండ దిక్కు మా ఊరి అడ్రస్. మారిస్తే ఊర్ల రేషన్ కార్డుల పేరు తీసేస్తరని మార్చలె. ఈడ శానమందిది గదే కథ."

"మరి ఏ బండి ఎక్కడ ఆగుతుందో నాకెవరు చెప్తారు?" అన్నాడు ఇంజనీరు.

"మేం చెప్తాం," అన్నాను, నవ్విన వాళ్ళ మీద కోపంతో.

మర్నాటి నుంచి తెల్లారేసరికి, బండ్లు బయల్దేరకముందే, అతనూ నేనూ నోటుబుక్కు పట్టుకుని సందుసందూ తిరిగాం. మమ్మల్ని చూడగానే ఒకామె ప్లగ్గు పీకేసింది. ఇంటి మీటరు మీద ఆటోకి చార్జింగ్ పెడితే ఫైన్ పడుతుందని భయం.

"ఏందక్కా, కరెంటోళ్ళు పంపిన్రా?"

"నీ పేరు నాకెందుకమ్మా? బండి ఆగే చోటు రాసుకుంటానంతే. ప్లగ్గు పెట్టు, లేకపోతే మీ ఆయన మీర్‌పేట్ దాకా తోసుకుంటూ పోవాలి."

"మరి నీ బండి రాసినవా?"

నోటుబుక్కులో మొదటి వరస నా స్కూటరుదే అని చూపించాక గానీ నమ్మలేదు.

వారం తిరిగేసరికి రెండు పేజీలు నిండాయి. ఇంజనీరు స్వయంగా వచ్చి ఆ పేజీలతో సందులు తిరిగి, కమ్యూనిటీ హాలు వెనక గోడ దగ్గర పాయింట్లు పెట్టాలని రాసుకెళ్ళాడు. ఆ తర్వాత రోజూ ఫోన్ చేశాను. "మేడం, మీరు చెయ్యని రోజు పని తొందరగా అవుతుంది," అన్నాడు ఒకసారి. అప్పట్నుంచి రోజుకి రెండుసార్లు చేశాను.

నెలాఖరుకి రెండు రోజుల ముందు పాయింట్లు బిగించారు. ట్రాలీ అతను బండి తగిలిస్తుంటే ఓనరమ్మ కూడా చూడొచ్చింది.

"ఇంక వైరు పెట్టనమ్మా. మేముంటం గదా?"

"ఉండకేం చేస్తవ్? పోయి నీ పెండ్లానికి చెప్పు, సామాను కడ్తున్నది."

కాసేపటికి కింద వాటాలో గిన్నెలు మళ్ళీ అరల్లోకి ఎక్కుతున్న చప్పుడు మొదలైంది. మామూలుగా అయితే ఆ మోతకి మెట్ల మీంచి వంగి అరిచేదాన్ని. ఆ పూట వింటూ కూర్చున్నాను.