మొగులయ్య ఐసు మీద నిలబడ్డ పూట

మొగులయ్య కుట్టిన బూటు వదులైందన్న మాట ఆబిడ్స్‌లో ఇరవై ఏళ్లుగా ఎవరి నోటా రాలేదు. ఉత్త కాలికి కాగితం పట్టీ చుట్టి కొలత తీసేవాడు. తొడిగితే కాలికి అతికినట్టుండాలి. మొదటి వారం కరిస్తే కరవనీ, తోలు తర్వాత తానే దారికొస్తుందనేవాడు. వదులు బూటు కుట్టేవాణ్ణి అసలు పనివాడిగానే లెక్కకట్టేవాడు కాదు. ఆ పొగరు అతనికి చెల్లింది కూడా, అంత పనితనం మరి!

యాభై మూడులో, చలికాలం ముందు, హిమాయత్‌నగర్ బాలకిషన్ మళ్లీ వచ్చాడు. టపా ఉద్యోగి. కాశ్మీరు కొండల్లో ఫౌజు టపా, అంటే సైనికుల ఉత్తరాలు, చూడడానికి నిరుడు మొగులయ్య బూట్లతోనే వెళ్లి, మంచులో ఎడమకాలి చిటికెనవేలు పోగొట్టుకొని వచ్చాడు. ఇప్పుడు మళ్లీ అక్కడికే వేశారు.

"ఇంకోసారి గట్లయితే పాదమే తీసెయ్యాలంటున్నడు డాక్టరు. నీళ్లు సొరకుండ జర మంచిగ కుట్టు మొగులయ్యా," అన్నాడు. నిష్ఠూరం మాటవరసకైనా లేదు.

మొగులయ్యకు అన్నం సయించలేదు. తేనెమైనం, అవిసెనూనె కాచి తోలుకు మూడుసార్లు పట్టించాడు. అడుగున పరచడానికి కొత్త గొంగడి కత్తిరిస్తుంటే భార్య యాదవ్వ నెత్తి కొట్టుకుంది.

"కప్పుకునే గొంగడి కాళ్లకిందికా? పిచ్చి లేసిందా ఏంది నీకు?"

"గొర్లు కాసేటోళ్లు వానల గిదే కప్పుకొని నిలవడ్తరు గద. దీన్ని మించింది ఇంకేడ దొరుకుతది?"

బూట్లు తయారయ్యాయి గానీ అతని మనసు ఊరుకోలేదు. పుట్టి బుద్ధెరిగాక మంచు మొహం చూసినవాడు కాదు. బాలకిషన్‌దీ తనదీ ఒకటే కాలి కొలత కావడంతో, రెండు జతల ఉన్ని మేజోళ్ల మీద ఆ బూట్లు బలవంతాన ఎక్కించి, నాంపల్లి స్టేషను వెనక ఐసు కార్ఖానాకు పోయి ఐసుదిమ్మ మీద నిలబడ్డాడు. హమాలీలు విరగబడి నవ్వారు. నవ్వితే నవ్వారు, గంటసేపు కదల్లేదు.

చుక్క నీరు లోపలికి రాలేదు. అయినా వేళ్లు మొద్దుబారిపోయాయి. అనుమానం వచ్చి లేసులు వదులు చేశాడు. ఆ ఐసు మీదే, కాసేపటికి, సూదులు గుచ్చినట్టు వేళ్లలోకి ప్రాణం వచ్చింది.

అప్పుడు తెలిసింది. నిరుడు బాలకిషన్ కాలికి నెత్తురు తిరగనివ్వనిది తాను కుట్టిన బిగుతే. మొగులయ్య అక్కడే కూలబడి, హమాలీల ముందే ఏడ్చాడు.

మర్నాడు బాలకిషన్ వచ్చి బూట్లు తొడుక్కొని మురిసిపోయాడు. "ఏం కుదిరినయి మొగులయ్యా!"

"విప్పు సాబ్. గివి నీకియ్య."

"ఏందీ?"

"నిరుడు నీ వేలు తీసింది నేనే. బిగబట్టి కుట్టిన. నెత్తురు ఆడలే."

చెప్పకపోతే ఆ సంగతి ఈ లోకంలో ఎవరికీ తెలిసేది కాదు. అయినా చెప్పాడు. ఆ ఒక్క మాటకే అతని ముందు చేతులు జోడించాలి. బాలకిషన్ వంగి బూట్ల లేసులు విప్పాడు.

"ఎల్లుండే బండి," అన్నాడు.

"అందిస్త. మేజోళ్లు ఏసుకొని కాలు పెట్టు. మళ్లా కొలుస్త."

రెండు రోజులు వేరే బేరం ముట్టలేదు. వేళ్లు లోపల ఆడేటంత చోటు ఉంచి, పెద్ద కొయ్యపాదం అచ్చు మీద కొత్త జత కుట్టాడు.

"గీ పడవలేసుకొని ఫౌజోళ్ల ముంగట ఎట్ల తిరగాలె?" అన్నాడు బాలకిషన్.

"ఎవడన్న నవ్వితే, ఆబిడ్స్ మొగులయ్య కుట్టిండని చెప్పు."

ఎండలు ముదిరాక బాలకిషన్ తిరిగొచ్చాడు. మొగులయ్య బూట్ల వంక చూడనైనా చూడలేదు. వాటిని విప్పించి, పాదాలు ఒళ్లో పెట్టుకొని, ఒక్కొక్క వేలి గోరూ నొక్కి వదిలాడు. నొక్కితే తెల్లబడి, వదిలితే ఎర్రబడుతోంది. అన్నింట్లో నెత్తురు ఆడుతోంది. ఎడమకాలి చివర, వేలు లేని చోటికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది.

ఆ చేతి మీద బాలకిషన్ తన చెయ్యి వేశాడు.

"పోయింది పోయింది. ఈ తొమ్మిది నీయి మొగులయ్యా."