సినిమాలో తిరిగొచ్చినవాడు

నిన్న పక్కింటి టీవీలోంచి సముద్రపు హోరు వినబడింది. వెనకే పడవపాట. అన్నం కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. ఆ సినిమాయే. నవలను పాడుచేశారని ఒకప్పుడు నేను కనబడ్డవాళ్లందరి దగ్గరా తిట్టిపోసిన సినిమా.

ఆ నవలను నేను నర్సమ్మత్తకు చదివి వినిపించేదాన్ని. అత్త అప్పట్లో మా పక్కింటావిడ. నౌపడ స్టేషనులో రైలెక్కి, ఊళ్లు తిరిగి ఎండుచేపలు అమ్ముకొచ్చేది. అక్షరం రాదు గానీ, నేను ఒక్క వాక్యం మింగినా పట్టేసేది. "ఏటే, దాటేసినావు? ఉన్నది ఉన్నట్టు సదువు" అనేది. డిగ్రీలో నాకెవరూ నేర్పని చదువు అది. నవలలో కథానాయకుడు సముద్రం మీదికి చేపల వేటకెళ్లి తిరిగిరాని చోటుదాకా వచ్చాం. ఆ వారమే అత్త భర్త, మా మావయ్య, ఎక్కిన పడవ కూడా రాలేదు.

పుస్తకం మూసేశాను. మిగతాది తర్వాత నేనొక్కదాన్నే చదువుకున్నాను. శవం దొరక్కపోయినా మా పేటలో పెద్దలు రోజు చూసి కర్మ చేయిస్తారు, భార్య గాజులు తీయిస్తారు. అత్త ఒప్పుకోలేదు. నెలలు గడిచినా "వస్తాడు" అనే అనేది.

అంతలో ఆ నవల సినిమాగా వచ్చింది. తనే పట్టుబట్టి నన్ను టెక్కలి తీసుకెళ్లింది. చివర్లో కథానాయకుడు ఈదుకుంటూ ఒడ్డుకొచ్చాడు. హాలు బయటికి రాగానే నేను మండిపడ్డాను.

"అరవై పేజీల ఎదురుచూపుని ఒక్క పాటలో తేల్చేశారత్తా! ఒక్కటీ నిజంలా లేదు."

"నిజం ఇంటికాడే ఉన్నాది గదే. దానికోసం టిక్కెట్టు కొనాలేటి?" అంది. "మరి పుస్తకంలో కూడా ఆడొస్తాడేటి?" అనడిగింది.

రేపు చదువుతానని తప్పించుకున్నాను.

మర్నాడు అత్త మా గుమ్మంలో కూర్చుంది. చివరి పేజీ తీశాను. అందులో కథానాయకుడి భార్య ఒడ్డున నిలబడి, తన గాజులు తానే తీసి ఇసుకలో పెడుతుంది. పేజీ మీద కళ్లుంచి, సినిమా ముగింపునే రచయిత వాక్యాల్లా అల్లి చదివేశాను. అతను వచ్చాడు, ఆమె కాళ్లకు నీళ్లిచ్చింది.

అత్త కదలకుండా విన్నది. నా తల నిమిరి, తన ఇంట్లోకెళ్లి, కాసేపటికి బోడి చేతులతో వచ్చింది.

"అత్తా, ఏటిది?"

"నువ్వు కూడా అబద్దం సదవాల్సొచ్చిందంటే, ఆడింక రాడే" అంది.

ఆమె ఒళ్లో తలపెట్టి ఏడ్చాను. ఏడవాల్సిన మనిషి నన్ను ఓదార్చింది. అత్త పోయి ఏళ్లయింది. నవల గొప్పదా సినిమా గొప్పదా అని ఎవరైనా వాదిస్తుంటే ఇప్పుడు నేను నోరెత్తను. మావయ్య ఇక లేడన్న కబురు అత్తకు నా నోటినుంచే చేరింది. మేలు చేశానో పాపం చేశానో ఇప్పటికీ తెలియదు.