ఆరుసార్లు, ఆగి రెండుసార్లు

ఆ కారుకి రెండే పెడళ్లు. భద్రాచలంలో మా షెడ్డు ముందు అది మొదటిసారి ఆగిన రోజు లారీ డ్రైవర్లంతా అద్దంలోంచి తొంగి చూసి, క్లచ్ ఎక్కడుందని వెతికారు. తొంభైల్లో సంగతి ఇది. నేను ఆటో ఎలక్ట్రీషియన్ని. లారీల సెల్ఫులు, జీపుల డైనమోలు బాగుచేసి బతికేవాణ్ని. ఆటోమేటిక్ గేర్ల కారును అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు. చూసిన క్షణం నుంచే దాని మీద పిచ్చి పట్టింది.

కారు ఒక డాక్టరమ్మది. దుమ్ముగూడెం వైపు చిన్న దవాఖానా నడిపేవారు. చిన్నప్పుడు పోలియో వచ్చి ఆమె ఎడమకాలు సన్నబడిపోయింది, క్లచ్ తొక్కలేరు. అందుకని సింగపూర్లో ఉండే అన్నగారు ఈ కారు పంపించారు. వారానికి రెండు రోజులు వాగులు దాటుకుంటూ, గూడేలకు ఒక్కరే నడుపుకుని వెళ్లేవారు. "ఈ కారొచ్చాక రోడ్డు మీద నిలబడి ఎవర్నీ బతిమాలలేదయ్యా" అని ఒకసారి నాతో అన్నారు. ఆ ఏడు దసరాకి బళ్లన్నిటికీ పూజ చేస్తుంటే, ఆ కారు బంపర్‌కి నిమ్మకాయలు, మిరపకాయలు నేనే కట్టాలని షెడ్డులో మా గేర్ మిస్త్రీతో పోట్లాడి మరీ కట్టాను.

చలి తగ్గే రోజుల్లో కారు మొరాయించింది. కదిలేటప్పుడు ఊపు లేదు, ఎడ్లు లాగలేక లాగుతున్నట్టు కదిలేది. చిన్న ఎత్తు వచ్చినా ఎక్కేది కాదు. డ్యాష్‌బోర్డులో పసుపు దీపం ఒకటి మినుకుమినుకుమనేది. షెడ్డుకి తెచ్చి పెట్టించారు. మిస్త్రీ కిందికి దూరి, నూనె వేలికి రాసుకుని వాసన చూశాడు.

"లోపల గేర్లు పట్టే పలకలు పోయినయ్ తమ్మీ. గేర్ బాక్స్ దించి ఇప్పాల్సిందే" అన్నాడు.

"ఇప్పినంక బిగించేటోళ్లు ఎవరున్నరన్నా? ఇక్కడ ఇసుంటిది ఎవరన్నా చూసిన్రా?"

"ఇప్పితేనే గద తెలిసేది."

నాకు తిక్క రేగింది. విప్పితే ఆ కారు మళ్లీ రోడ్డెక్కదని నాకు తెలుసు. డాక్టరమ్మకీ తెలుసు. అన్నగారికి ఉత్తరం రాశాననీ, ఏవో కాగితాలు పంపుతారనీ, అవి వచ్చేదాకా ఆగమనీ చెప్పి వెళ్లారు. ఒక వారం గడిచింది, రెండు గడిచి మూడోది పడింది. మిస్త్రీ సోమవారం నాడు దించేస్తానన్నాడు.

శనివారం పొద్దున ఒక బొగ్గు లారీ మా షెడ్డు ముందు ఆగింది. క్యాబిన్‌లోంచి డాక్టరమ్మను ఇద్దరు మనుషులు చేతుల మీద కిందికి దించారు. చీర కుచ్చిళ్లకి బొగ్గు మసి. ఆమె ఎవరి ముఖమూ చూడకుండా నేరుగా నా దగ్గరకొచ్చి, చంకలోని కవరు తీసి ఇచ్చారు. అందులో అన్నగారు పంపిన ఆరు జిరాక్స్ కాగితాలున్నాయి.

నా ఇంగ్లీషు డబ్బాల మీద పేర్లు చదివేంతే. ఆమే చదివి తెలుగులో చెప్పారు. బానెట్ కింద మూతున్న చిన్న డబ్బా ఉందట. అందులో ఫలానా రెండు రంధ్రాలను వైరు ముక్కతో కలపాలట. ఇంజన్ స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం తిప్పాలట. అప్పుడు ఆ పసుపు దీపం ఆగి ఆగి వెలుగుతూ అంకెల్లో రోగం చెబుతుందట.

"దీపం చెప్తదా?" అని మిస్త్రీ నవ్వాడు.

మూత తీశాను. లోపల బోలెడు రంధ్రాలు. పక్క రంధ్రంలో పెడితే ఏం కాలిపోతుందో. కాగితంలోని బొమ్మతో మూడుసార్లు సరిచూసుకుని వైరు గుచ్చాను. డాక్టరమ్మ సీట్లో కూర్చుని తాళం తిప్పి, నాడి చూసేటప్పటిలాగే చేతి గడియారం కళ్లముందు పెట్టుకున్నారు. నేను కిటికీలోంచి తల దూర్చాను.

దీపం వెలిగింది, ఆరింది. ఆమె పైకే లెక్కపెట్టారు. ఆరుసార్లు వెలిగి ఆగింది. తర్వాత రెండుసార్లు. కాస్త ఆగి మళ్లీ ఆరు, మళ్లీ రెండు.

"అరవై రెండు" అన్నాం ఇద్దరం ఒకేసారి.

అన్నేళ్లూ వాసన చూసి, చెయ్యి పెట్టి, షాకులు తిని రోగం పట్టుకున్నవాణ్ని. ఒక బండి తన జబ్బు తానే చెప్పగా వినడం అదే మొదటిసారి. డాక్టరమ్మ కాగితాల్లో ఆ అంకె కోసం వేలితో వెతికారు. అరవై రెండు దొరికింది. లోపల గేర్లు మార్చే సొలినాయిడ్ అనే మీట ఒకదానికి కరెంటు అందడం లేదు. గేర్ బాక్స్ విప్పకముందు బయటి వైరు చూడమని కిందే అచ్చువేసి ఉంది.

ఇక నన్ను పట్టేవాళ్లు లేరు. షెడ్డులో అందరూ వింటుండగా, "చూసినవా అన్నా? పాపం గేర్ బాక్స్ మీద నిందేసినవ్. నీ చేతిల పడితే తుక్కు అయ్యేది" అన్నాను. మిస్త్రీ పానా కిందపెట్టి చేతులు తుడుచుకున్నాడు.

కారు కిందికి దూరి వైర్ల కట్టను వేళ్లతో తడుముతూ పోయాను. ముందు బంపర్ వెనక ఒకచోట సన్నటి ఇనప బైండింగ్ వైరు దాన్ని బిగించి పట్టుకుని ఉంది. గతుకుల్లో ఊగి ఊగి, తొడుగు కోసేసి, లోపల ఒక వైరును తెంపేసింది. బైండింగ్ వైరుకు మూడు మెలికలు, ఎవరికీ గుచ్చుకోకుండా లోపలికి వంచిన కొస. ఎండిన మిరపకాయ తొడిమలు ఇంకా దానికే ఉన్నాయి. వాగు నీళ్లకు దారం కుళ్లిపోతుందని, నా తెలివికి నేనే మురిసిపోతూ దసరా నాడు నేను వేసిన ముడి అది.

తెగినచోట అతికి టేపు చుట్టాను. బైండింగ్ వైరును పిడికిట్లో దాచుకుని బయటికొచ్చాను. కారులో నిలిచిన పాత అరవై రెండు చెరిగిపోవడానికి కాగితంలో చెప్పిన ఫ్యూజు పీకి మళ్లీ పెట్టాను. ఈసారి దీపం ఎక్కడా ఆగకుండా ఒకే తీరుగా మినుకుమంది. రోగం లేదని అర్థం.

ఇద్దరం దుమ్ముగూడెం రోడ్డెక్కాం. కారు ముందుకు ఉరికింది. గేరు మారింది, ఇంకోటి మారింది, ఎత్తు మీద గేరు దానంతటదే కిందికి దిగి మళ్లీ పైకి వెళ్లింది. డాక్టరమ్మ చిన్నపిల్లలా నవ్వుతున్నారు. నాకూ అరవాలనిపించేంత సంతోషం, పిడికిట్లో మాత్రం బైండింగ్ వైరు గుచ్చుకుంటోంది.

"అంత గట్టి వైరు ఊరికే ఎలా తెగిందయ్యా?"

పిడికిలి విప్పాను. "నేనే డాక్టరమ్మా. దసరకు నిమ్మకాయలు గిట్ల కట్టిన."

ఆమె కారు పక్కకు ఆపారు. కుచ్చిళ్లకంటిన బొగ్గు మసి చూసుకున్నారు.

"మూడు వారాలు నన్ను మోసి దించారయ్యా" అన్నారు. తర్వాత, "మిస్త్రీకి చెప్పావా?"

"లేదమ్మా."

"ఆయన్ని అందరి ముందూ అన్నావుగా. అందరి ముందే చెప్పు."

కారు వెనక్కి తిప్పారు. షెడ్డులో అందరి ముందే చెప్పాను. మిస్త్రీ నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. ఆ వైరు తీసుకుని మెలికలు చూసి, నా బల్ల ఎదుటి మేకుకు తగిలించాడు. ఆ తర్వాత నేను గొంతు పెంచినప్పుడల్లా ఒక్కసారి అటు చూసేవాడు, అంతే.

మరుసటి దసరాకి డాక్టరమ్మ నూలుదారానికి గుచ్చిన నిమ్మకాయలు తానే తెచ్చి నాకు అందించారు. నేను వాటిని మిస్త్రీ చేతిలో పెట్టాను. అతను వంగి కడుతుంటే పసుపునీళ్ల చెంబు పట్టుకుని పక్కన నిలబడ్డాను.